వైజాగ్‌లో మొదటి హెచ్‌ఎఫ్ రేడియో కొనడం ఎలా: మోడల్ నంబర్ కంటే ముందు మీ డాబా చూడండి

హెచ్‌ఎఫ్ రేడియో, అంటే హామ్‌లు (లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు) 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య దూరాలకి మాట్లాడే సెట్, కొందాం అనుకోగానే అందరూ యూట్యూబ్‌లో రివ్యూలు చూడటం మొదలెడతారు, ఐకామ్ 7300 మంచిదా యాసు 891 మంచిదా యాసు 710 తీసుకోవాలా అని, వారం రోజులు చూసినా తేలదు. ఎందుకు తేలదంటే ఆ రివ్యూ చేసినాయనకి ఊరి బయట ఎకరం స్థలం, యాభై అడుగుల టవర్ ఉంటాయి, మీకేమో మద్దిలపాలెంలో మూడో అంతస్తు ఫ్లాట్, పైన అందరికీ కలిపి ఒక డాబా. అందుకే మోడల్ పేర్లు కాసేపు పక్కన పెట్టేయండి. మీ లైసెన్స్ ఏంటి, డాబా ఎంత, ఇంట్లో నాయిస్ (రేడియోలో వినిపించే గరగర) ఎంత, కరెంట్ పోతే పరిస్థితేంటి, ఈ నాలుగూ తేలితే రేడియో దాదాపు దానంతటదే తేలిపోతుంది.

స్టెప్ 1, లైసెన్స్. ట్రాన్స్‌మిట్ చేసే సెట్ కొనాలన్నా ఇంట్లో పెట్టుకోవాలన్నా లైసెన్స్ కావాలి, ఇందులో ఇంకో మాట లేదు. పరీక్ష రాసేది టెలికాం శాఖలో వైర్‌లెస్ వ్యవహారాలు చూసే డబ్ల్యూపీసీ విభాగం కింద, అప్లికేషన్ సరళ్ సంచార్ పోర్టల్‌లో. వైర్‌లెస్ మానిటరింగ్ స్టేషన్ మన విశాఖలోనే ఉంది కాబట్టి ముందు అక్కడ కనుక్కోండి. 12 ఏళ్ళు నిండితే చాలు, పిల్లలు కూడా రాయొచ్చు. రెండు గ్రేడ్లు ఉన్నాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియోలో మీ పేరు బదులు వాడే కోడ్) వస్తుంది, మోర్స్ (చుక్కలు, గీతల కోడ్) అక్కర్లేదు, హెచ్‌ఎఫ్‌లో 50 వాట్ల వరకే. జనరల్ గ్రేడ్‌కి మోర్స్ రావాలి, వీయూ2 వస్తుంది, పవర్ 400 వాట్ల దాకా. ఏ బ్యాండ్‌లో ఏ మోడ్ (మాట, మోర్స్, డిజిటల్ లాంటి పద్ధతి) వాడొచ్చు అన్నది మీ గ్రేడ్‌ని బట్టి రూల్స్‌లో రాసుంటుంది, రేడియో కొనేముందు అది ఒకసారి కూర్చుని చదవండి. ఉదాహరణకి 40 మీటర్ల బ్యాండ్ (బ్యాండ్లని తరంగం పొడవుతో పిలుస్తారు) మనకి 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకే, అమెరికా వాళ్ళ వీడియోలో 7.250 మీద మాట్లాడుతున్నారు కదా అని మనం మాట్లాడకూడదు.

ఇంకోటి, మనది నేవీ ఉన్న ఊరు. డాబా మీద వైర్లు, పోల్ చూసి ఎవరైనా వచ్చి అడగొచ్చు, అది వాళ్ళ డ్యూటీ. లైసెన్స్ కాపీ లామినేషన్ చేయించి రేడియో దగ్గరే పెట్టుకోండి, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ వాళ్ళకి ఒక కాపీ ఇచ్చి ముందే మాట్లాడండి. వైరు కట్టేశాక మాట్లాడటం కంటే కట్టకముందు మాట్లాడటం చాలా తేలిక.

స్టెప్ 2, టేపు పట్టుకుని డాబా ఎక్కండి. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన స్టెప్ ఇదే. మీ గొంతు ఎంత దూరం వెళ్తుందో నిర్ణయించేది రేడియో కాదు యాంటెన్నా, బడ్జెట్ లక్ష అనుకుంటే లక్షా రేడియోకే పెట్టేసి యాంటెన్నాకి మిగిలినదేదో వాడతాం అంటే ఆ లక్ష కూడా సరిగ్గా పనిచేయదు.

లెక్క చాలా సింపుల్. హాఫ్‌వేవ్ డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపి అటూ ఇటూ లాగిన వైరు యాంటెన్నా) మొత్తం పొడవు మీటర్లలో కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 7.1కి సుమారు 20 మీటర్లు, అంటే సెంటర్ నుంచి అటు పది ఇటు పది. 14.2కి మొత్తం పది మీటర్లే. 80 మీటర్ల బ్యాండ్‌కి నలభై మీటర్ల వైరు కావాలి, సిటీలో చాలామందికి అది కుదరదు, కాబట్టి దాని గురించి బెంగ పెట్టుకోకండి. ఇప్పుడు 200 గజాల స్థలంలో ఇల్లు అనుకోండి, సెట్‌బ్యాక్‌లు పోగా శ్లాబు ఒక 25 అడుగులు బై 50 అడుగులు ఉంటుంది, మూల నుంచి మూలకి కొలిస్తే 56 అడుగులు, అంటే 17 మీటర్లు. ఇరవై మీటర్ల వైరు ఇందులో పట్టదు అనిపిస్తుంది కానీ పడుతుంది, మధ్యలో 26-28 అడుగుల పోల్ పెట్టి రెండు చేతులూ కిందకి వాలుగా దించితే సరిపోతుంది, దీన్నే ఇన్వర్టెడ్ వీ అంటారు. చివర్లు మాత్రం మనిషి చేతికి అందకూడదు, ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు అక్కడ వోల్టేజ్ చాలా ఎక్కువ ఉంటుంది, బట్టలారేసే తీగ దగ్గరికి అసలు తేవద్దు. కరెంట్ లైన్లు పక్కన ఉంటే పోల్ పడిపోయినా ఆ లైన్ మీద పడనంత దూరంలో ఉండాలి.

ఇంత తక్కువ ఎత్తులో 40 మీటర్ల డైపోల్ ఉంటే సిగ్నల్ ఎక్కువగా నిటారుగా పైకే వెళ్ళి అయనావరణం తగిలి చుట్టుపక్కల నాలుగైదు వందల కిలోమీటర్లలో దిగుతుంది. అది లోపం కాదు, పగటిపూట విజయవాడ, హైదరాబాద్, భువనేశ్వర్ వాళ్ళతో మాట్లాడాలంటే సరిగ్గా అదే కావాలి. దూరదేశాలు కావాలంటే 20, 15, 10 మీటర్ల బ్యాండ్లు, వాటికి వైరు చిన్నది, డాబా ఎత్తే చాలు. నిజంగా సముద్రం ఒడ్డునే ఇల్లున్నవాళ్ళు, భీమిలి రోడ్డు వైపు కొందరికి ఆ అదృష్టం ఉంది, వాళ్ళు వర్టికల్ (నిలువు) యాంటెన్నా గురించి ఆలోచించండి, ఉప్పునీటి మీదుగా తక్కువ కోణంలో పోయే సిగ్నల్ తూర్పు, దక్షిణ దిక్కులకి చాలా బాగా వెళ్తుంది.

సరే, ఇక్కడ ఏం తేలింది? డాబా మీద ఒక్కో బ్యాండ్‌కి సరిగ్గా కోసిన డైపోల్ కట్టుకోగలిగితే రేడియోలో ట్యూనర్ (సరిపోలని యాంటెన్నాని రేడియోకి మ్యాచ్ చేసేది) లేకపోయినా పర్లేదు. బాల్కనీలో ఏదో ఒక వైరు వేలాడదీయడం తప్ప దారి లేదు అంటే మంచి ట్యూనర్ ఉన్న సెట్టే చూడాలి. ఐకామ్, యాసు సెట్లలో లోపల వచ్చే ట్యూనర్ సాధారణంగా ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకి ఎంత సరిపోలేదో చెప్పే అంకె, 1 అయితే పర్ఫెక్ట్) 3 వరకే సరిచేస్తుంది, అంతకంటే ఘోరంగా ఉంటే చేతులెత్తేస్తుంది. షియెగు జీ90లో వచ్చే ట్యూనర్ ఈ విషయంలో చాలా ఓపిక ఉన్నది, పిచ్చి వైర్లని కూడా మ్యాచ్ చేస్తుంది. అయితే ట్యూనర్ మ్యాచ్ చేసింది అంటే యాంటెన్నా బాగుంది అని కాదు, రేడియోకి ఇబ్బంది లేదు అని మాత్రమే.

స్టెప్ 3, ట్రాన్స్‌మిట్ సంగతి తర్వాత, ముందు వినండి. షార్ట్‌వేవ్‌లో ఎస్‌ఎస్‌బీ (హెచ్‌ఎఫ్‌లో హామ్‌లు మాటకి వాడే మోడ్) వినగలిగే చిన్న రిసీవర్ ఏదైనా, లేదా లాప్‌టాప్‌కి పెట్టుకునే, హెచ్‌ఎఫ్ కూడా పట్టే ఆర్టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌తో నడిచే చిన్న రిసీవర్) తెచ్చుకుని, వైరు కట్టి కొన్నాళ్ళు పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి వినండి. రేడియో బ్రోషర్లలో సెన్సిటివిటీ అని పెద్ద అంకెలు వేస్తారు, హెచ్‌ఎఫ్‌లో అది దాదాపు పట్టించుకోనక్కర్లేదు, ఎందుకంటే ఈరోజుల్లో ఏ సెట్ అయినా మీ బ్యాండ్‌లో ఉన్న నాయిస్ కంటే ఎక్కువ సెన్సిటివే. మీ అసలు శత్రువు ఆ నాయిసే. ఎల్‌ఈడీ బల్బులు, చవక ఛార్జర్లు, పక్కింటి సోలార్ ఇన్వర్టర్, లిఫ్ట్ మోటార్, వీటికి తోడు మన ఊళ్ళో ఇంకోటి ఉంది, సముద్రం దగ్గర కరెంట్ స్తంభాల ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుని గాలిలో తేమ ఎక్కువున్న రోజు చిటపటమని స్పార్క్ కొడుతూ మొత్తం బ్యాండ్ అంతా జర్ర్‌మని ఒకటే గోల, గట్టి వాన పడి ఉప్పు కడుక్కుపోతే మళ్ళీ కొన్నాళ్ళు ప్రశాంతం. లాసన్స్ బే, పెదవాల్తేరు, జాలరిపేట వైపు వాళ్ళు ఇది ముందే చెక్ చేసుకోవాలి. ఒకసారి ఇంటి మెయిన్ స్విచ్ ఆపేసి బ్యాటరీ మీద వినండి, నాయిస్ పోతే దొంగ మీ ఇంట్లోనే ఉన్నట్టు, పోకపోతే బయట.

బయట నాయిస్ ఎక్కువ అని తేలితే మీ రేడియోకి మంచి నాయిస్ బ్లాంకర్ (టకటకమనే నాయిస్‌ని కోసేసేది), మంచి డిజిటల్ నాయిస్ రిడక్షన్ ఉండాలి, వీలైతే వాటర్‌ఫాల్ డిస్‌ప్లే (బ్యాండ్‌లో ఉన్నవన్నీ రంగుల్లో చూపించే తెర) కూడా, ఏ మూల నాయిస్ ఉందో ఏ మూల ఖాళీగా ఉందో కంటికి కనిపిస్తుంది. సాయంత్రం పూట 7.2 పైన బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు విపరీతమైన బలంతో వస్తాయి, చవక రిసీవర్లు అప్పుడు ఉక్కిరిబిక్కిరి అయిపోయి కింద 7.1 దగ్గర లేని సిగ్నల్స్ కూడా చూపిస్తాయి, ఎవరి సెట్ అయినా టెస్ట్ చేసే అవకాశం వస్తే పగలు కాదు, రాత్రి ఏడెనిమిది గంటలకి 40 మీటర్ల మీద పెట్టి వినండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుముల వల్ల వచ్చే గరగర వేరే, దానికి ఏ రేడియో మందు కాదు.

స్టెప్ 4, ఎన్ని వాట్లు. ఇక్కడ చాలామంది అనవసరంగా భయపడతారు. 100 వాట్ల నుంచి 50కి తగ్గితే 3 డెసిబెల్స్ (సిగ్నల్ బలం తేడాకి కొలత), అవతలివాడి సిగ్నల్ మీటర్ మీద అర ఎస్-యూనిట్ (ఆ మీటర్ మీద ఒక అంకె) తేడా, అతను గమనించడు కూడా. 100 నుంచి 10కి వస్తే 10 డెసిబెల్స్, రెండు ఎస్-యూనిట్లలోపు. బ్యాండ్ బాగున్నప్పుడు 10 వాట్లతో కూడా దేశమంతా తిరగొచ్చు, మోర్స్ అయితే ఇంకా దూరం. కానీ నా అభిప్రాయం అడిగితే, మాటతో, అంటే ఎస్‌ఎస్‌బీతో మొదలెట్టేవాళ్ళకి, అదీ తక్కువ ఎత్తు యాంటెన్నాతో, 5-10 వాట్ల సెట్ మొదటి రేడియోగా వద్దు. పిలిచి పిలిచి జవాబు రాక, రేడియోని అటక మీద పెట్టేసేవాళ్ళే ఎక్కువ. రిస్ట్రిక్టెడ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి 100 వాట్ల సెట్ కొని మెనూలో పవర్ 50కి తగ్గించి పెట్టుకోవడం చక్కగా సరిపోతుంది, సెట్ చల్లగా నడుస్తుంది, జనరల్ గ్రేడ్ వచ్చాక మళ్ళీ కొనక్కర్లేదు.

స్టెప్ 5, కరెంట్. మన ఊళ్ళో ఉన్నవాళ్ళకి 2014 అక్టోబర్ 12 గుర్తుండే ఉంటుంది, హుద్‌హుద్ వచ్చిన రోజు, స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు పోయాయి, చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంట్ లేదు, పక్క వీధిలో ఉన్నవాళ్ళ క్షేమం కూడా తెలియలేదు. ఆ మర్నాడు మీ రేడియో పనిచేస్తుందా అన్న ప్రశ్న కొనేముందే వేసుకోండి. హామ్ లైసెన్స్ ఉన్నవాళ్ళ మీద ఆ మాత్రం బాధ్యత ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

హెచ్‌ఎఫ్ సెట్లు చాలావరకు 13.8 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. 100 వాట్ల సెట్ ఫుల్ పవర్‌లో 20 ఆంపియర్ల పైన లాగుతుంది, ఐసీ-7300కి కంపెనీ చెప్పేది 21. కాబట్టి పవర్ సప్లై కనీసం 25 ఆంపియర్లు ఆగకుండా ఇవ్వగలిగేది ఉండాలి, డబ్బా మీద 30 అని రాసి ఉన్నా అది పీకా, కంటిన్యుయస్సా అని అడగండి. సీసీటీవీకి వాడే చవక ఎస్‌ఎంపీఎస్ (స్విచ్చింగ్ పవర్ సప్లై) పెట్టేయొచ్చు కదా అంటారు, వాటిలో చాలావాటి నుంచి వచ్చే స్విచ్చింగ్ నాయిస్ మీ రిసీవర్‌లోనే వినిపిస్తుంది, ఇన్ని తిప్పలు పడి నాయిస్ తగ్గించుకున్నాక మళ్ళీ మన టేబుల్ మీదే నాయిస్ ఫ్యాక్టరీ పెట్టుకున్నట్టు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లీనియర్ సప్లై బరువు, కానీ ప్రశాంతం.

బ్యాకప్‌కి ఇంట్లో ఉన్న 12 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీయే పనికొస్తుంది, ఇన్వర్టర్‌ని మధ్యలో పెట్టకుండా నేరుగా బ్యాటరీ నుంచి, ప్లస్ మైనస్ రెండు వైర్లకీ ఫ్యూజులు వేసి, లావు వైరుతో తీసుకోండి. ఇక్కడే సెట్ల మధ్య తేడా బయటపడుతుంది. 7300కి అనుమతించిన వోల్టేజ్ 13.8కి అటూ ఇటూ 15 శాతం, అంటే 11.7 కంటే కిందకి పోకూడదు, సగం దిగిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ట్రాన్స్‌మిట్ నొక్కగానే అక్కడికి పడిపోతుంది. పవర్ 20-30 వాట్లకి తగ్గిస్తే మళ్ళీ నిలబడుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే చివరిదాకా 13 వోల్టులకి దగ్గరగా ఉంటుంది, డబ్బులుంటే అదే మేలు. ఊరికే వింటూ ఉంటే కూడా 7300 దాదాపు ఒక ఆంపియర్ తీసుకుంటుంది, అంటే రోజంతా ఆన్ చేసి ఉంచితే 24 ఆంపియర్-అవర్లు వినడానికే పోతాయి. జీ90 లాంటి చిన్న సెట్లు అందులో సుమారు సగంతో సరిపెట్టుకుంటాయి, తుఫాను రోజుల్లో అది పెద్ద తేడా.

స్టెప్ 6, ఇప్పుడు మోడళ్ళు. పైన అన్నీ తేలాయి కాబట్టి ఇది త్వరగా అయిపోతుంది.

టేబుల్ మీద శాశ్వతంగా పెట్టుకోవడానికి, లక్ష దాటినా పర్లేదు, పదేళ్ళు వాడతాను అనుకుంటే ఐకామ్ ఐసీ-7300, 2016 నుంచి ఉంది, వాటర్‌ఫాల్, టచ్ స్క్రీన్, లోపల ట్యూనర్, ఒక్క యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కంట్రోలూ ఆడియో రెండూ. ప్రపంచమంతా వాడే సెట్ కాబట్టి ఏ డౌట్ వచ్చినా జవాబు దొరుకుతుంది. అదే తరగతిలో యాసు ఎఫ్‌టీ-710 కూడా ఉంది, దానికీ ట్యూనర్, యూఎస్‌బీ ఆడియో ఉన్నాయి, ఈ రెండింటిలో ఏదైనా తప్పు లేదు, సర్వీస్ మీకు ఎక్కడ దగ్గర పడుతుందో చూసి తీసుకోండి.

కారులో కూడా పెట్టాలి, టేబుల్ చిన్నది, కానీ 100 వాట్లు కావాలి అంటే యాసు ఎఫ్‌టీ-891. రిసీవర్, నాయిస్ రిడక్షన్ చాలా బాగుంటాయి, నాయిస్ ఉన్న కాలనీల వాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే. అయితే లోపల ట్యూనర్ లేదు, యూఎస్‌బీలో ఆడియో లేదు, మెనూలు లోతుగా ఉంటాయి, కాబట్టి డైపోల్ సరిగ్గా కట్టుకోగలిగినవాళ్ళకే.

బడ్జెట్ తక్కువ, యాంటెన్నా ఏదో ఒకటి, బ్యాటరీ మీద నడవాలి అంటే షియెగు జీ90, 20 వాట్లు. కేజీ పైన బరువు మోయడానికి సిద్ధంగా ఉండి కైలాసగిరి పైకో యారాడ కొండ పైకో ఎక్కి వాడాలంటే ఐకామ్ ఐసీ-705, అద్భుతమైన సెట్, కానీ 10 వాట్లకి అంత డబ్బు మొదటి రేడియోకే పెట్టమని నేను చెప్పను.

ఇక మనవాళ్ళు గర్వపడాల్సినది ఒకటి ఉంది, బిటెక్స్. హైదరాబాద్‌కి చెందిన అషర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ, ఎవరైనా ఇంట్లో సోల్డరింగ్ చేసుకోగలిగేలా డిజైన్ చేసిన ట్రాన్సీవర్ (పంపడం, వినడం రెండూ చేసే సెట్), ప్రపంచమంతా వేలమంది కట్టుకున్నారు. దాని తర్వాత వచ్చిన మైక్రోబిటెక్స్ అన్ని హెచ్‌ఎఫ్ బ్యాండ్లకీ పనిచేస్తుంది, 7 మెగాహెర్ట్జ్‌లో 10 వాట్లు దాకా, పై బ్యాండ్లకి వెళ్ళేకొద్దీ పవర్ తగ్గుతుంది. సోల్డరింగ్ ఐరన్ అంటే ఇష్టం ఉండి, సెట్ లోపల ఏ భాగం ఏం చేస్తుందో తెలుసుకోవాలి అనుకునే ఇంజినీరింగ్ పిల్లలకి దీన్ని మించిన స్కూల్ లేదు, 10 వాట్లు వద్దన్న మాట వీళ్ళకి వర్తించదు.

స్టెప్ 7, సెకండ్ హ్యాండ్ అయితే. అమ్మేవాళ్ళు మీ లైసెన్స్ కాపీ అడగాలి, అడగకుండా ఇచ్చేస్తామంటే అక్కడే అనుమానించండి. బిల్లు, సీరియల్ నంబర్ సరిచూసుకోండి. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్), పవర్ మీటర్ తీసుకెళ్ళి ప్రతి బ్యాండ్‌లోనూ పవర్ చూడండి, ఒక బ్యాండ్‌లో 100, ఇంకో బ్యాండ్‌లో 40 వస్తే లోపల ఫిల్టర్లో ఫైనల్సో (చివరి పవర్ ట్రాన్సిస్టర్లు) దెబ్బతిన్నట్టు. స్క్రూల తలలు అరిగిపోయి ఉంటే ఎవరో విప్పారు, ఎందుకు విప్పారో అడగండి. విశాఖలోనే వాడిన సెట్ అయితే టార్చ్ వేసి ఫ్యాన్ వెనక, యాంటెన్నా కనెక్టర్, మైక్ సాకెట్ పిన్నులు చూడండి, తెల్లగా పొడి పట్టినా పచ్చగా చిలుము పట్టినా సముద్రగాలి లోపలికి పోయిందని అర్థం, అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి. కొత్తది విదేశం నుంచి తెప్పించుకుందాం అనుకునేవాళ్ళు దిగుమతికి అనుమతి, కస్టమ్స్ సంగతి ఆర్డర్ పెట్టకముందే తేల్చుకోవాలి, ఇండియాలో బిల్లు, వారంటీ ఇచ్చే డీలర్ దగ్గర కొంచెం ఎక్కువైనా అక్కడే కొనడం నాకు నచ్చిన పద్ధతి.

స్టెప్ 8, డబ్బులు ఎలా పంచాలి. రేడియోకి ఎంత అనుకున్నారో అందులో నాలుగో వంతు పక్కకి తీసి సప్లై, కోయాక్స్ (రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్ళే కేబుల్), యాంటెన్నా, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌కి ఉంచండి. 40 మీటర్ల బ్యాండ్‌కి, 20 మీటర్ల పొడవు కేబుల్ చాలు అనుకుంటే సన్న కోయాక్స్ ఆర్‌జీ-58 సరిపోతుంది, నష్టం ఒక డెసిబెల్ కూడా ఉండదు, 10, 15 మీటర్ల బ్యాండ్లు ఎక్కువ వాడతారు, కేబుల్ కూడా పొడవు అంటే లావుది, ఆర్‌జీ-213. వైరు ప్లాస్టిక్ కోటింగ్ ఉన్న రాగిది తీసుకోండి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే, జీఐ ఇక్కడ తొందరగా తుప్పు పడుతుంది. కనెక్టర్ మీద దానికదే అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి, లేదంటే కోయాక్స్ జాలీలోకి నీళ్ళు ఎక్కి ఏడాదిలో కేబుల్ పోతుంది. రేడియోని సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టొద్దు, వాడనప్పుడు గుడ్డ కప్పి ఉంచండి, వానాకాలంలో వారానికి ఒకటి రెండుసార్లయినా ఆన్ చేయండి, ఆ వేడికి లోపల తేమ ఆరుతుంది. ఉరుములు వినిపిస్తే యాంటెన్నా కేబుల్ రేడియో నుంచి పీకేసి దూరంగా పెట్టాలి.

సెట్ ఇంటికి వచ్చాక ఆ రోజే యాంటెన్నాకి కలిపి మైక్ పట్టుకోకండి. ముందు పవర్ మీ లైసెన్స్ పరిమితికి తగ్గించి, డమ్మీ లోడ్ మీద ప్రతి బ్యాండ్‌లో ఒక్కోసారి ట్రాన్స్‌మిట్ చేసి పవర్ ఎంత వస్తోందో, కరెంట్ ఎంత లాగుతోందో కాగితం మీద రాసుకోండి, తర్వాత ఎప్పుడైనా డౌట్ వస్తే పోల్చుకోవడానికి ఆ కాగితం కావాలి. ఎఫ్‌టీ8 లాంటి డిజిటల్ మోడ్లు (కంప్యూటర్‌తో పంపేవి) మీ లైసెన్స్‌లో ఉంటే వాటికి సెట్ పవర్‌లో సగమే వాడండి, దాదాపు 13 సెకన్లు ఆగకుండా ఫుల్ క్యారియర్ పోతుంది కాబట్టి ఎస్‌ఎస్‌బీ కంటే ఎక్కువ వేడెక్కుతుంది. తేడా ఏదైనా కనిపిస్తే రిటర్న్ గడువు లోపలే, అట్టపెట్టె పారేయకుండా, డీలర్‌కి ఫోన్ చేయండి.